ఫైలు మీద పాత తేదీ మళ్ళీ వేయడం ఎలా: ఏటైమ్, ఎంటైమ్, ఒక సిస్టమ్ కాల్

పాత ఫోను పూర్తిగా చచ్చిపోయేలోపు అందులోని ఫోటోలన్నీ లాప్‌టాప్‌లోకి లాగేశాను. నాలుగు వేల పైచిలుకు. కాపీ అయితే అయింది గానీ, ఫోల్డరు తెరిచి చూస్తే ప్రతి ఫోటోకీ ఆ రోజు తేదీయే. అక్క రిసెప్షన్ ఫోటో పక్కన మొన్నటి కరెంటు బిల్లు. తేదీ వారీగా పేర్చమంటే కాపీ అయిన వరసలో పేర్చి పెట్టింది. ఆ రాత్రి బ్యాకప్ నడిపితే, ముందే భద్రంగా ఉన్న ఫోటోలను కూడా కొత్తవనుకుని మళ్ళీ మొత్తం మోసుకెళ్ళింది.

అదృష్టం కొద్దీ అసలు తేదీ ఫైలు పేరులోనే ఉంది. ఐఎంజీ_20190214_183005 అంటే 2019 ఫిబ్రవరి 14, సాయంత్రం 6 గంటల 30 నిమిషాల 5 సెకన్లు. ఈ ఒక్క ఫైలును పట్టుకుని, దాని మీద ఆ తేదీ తిరిగి వేసేదాకా వెళ్దాం. ఒకటి వచ్చిందంటే మిగతా నాలుగు వేలూ లూపు పనే. చూపించేది లైనక్స్ మీద, సీ భాషలో. పైథాన్, విండోస్ సంగతి చివర్లో కొంచెం చెప్తాను.

కమాండ్లు, ఫంక్షన్ల పేర్లు ఇక్కడ తెలుగులో రాస్తున్నాను. మీరు కొట్టేటప్పుడు ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టాలి. ఫంక్షన్ల పేర్లన్నీ చిన్న అక్షరాలు, యూటైమ్_ఆమిట్ లాంటి స్థిరాంకాలన్నీ పెద్ద అక్షరాలు. మనకు కావాల్సిన ముఖ్యమైన సిస్టమ్ కాల్ (ప్రోగ్రామ్ కెర్నెల్‌ని, అంటే ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయని, పని అడిగే పిలుపు) పేరు యూటైమెన్సాట్. స్పెల్లింగు యు, టి, ఐ, ఎం, ఇ, ఎన్, ఎస్, ఎ, టి. మధ్యలో ఉన్న ఎన్ఎస్ నానోసెకన్లకి, చివరి రెండక్షరాలు 'ఫలానా డైరెక్టరీ దగ్గర' అని చెప్పడానికి. ఇలా విడదీసుకుంటే పేరు మర్చిపోరు.

ముందు ఏముందో చూడండి

టెర్మినల్‌లో ఆ ఫైలు మీద స్టాట్ కమాండ్ నడపండి. నాలుగు సమయాలు కనిపిస్తాయి: యాక్సెస్, మాడిఫై, ఛేంజ్, బర్త్. యాక్సెస్ అంటే ఏటైమ్, ఫైలును చివరిసారి చదివిన సమయం. మాడిఫై అంటే ఎంటైమ్, లోపలి సరుకు చివరిసారి మారిన సమయం. ఎల్ఎస్ హైఫన్ ఎల్ చూపించేదీ, ఫైల్ మేనేజర్ తేదీ కాలమ్‌లో సాధారణంగా ఉండేదీ ఇదే. ఛేంజ్ అంటే సీటైమ్. పేరులో సీ ఉంది కాబట్టి చాలామంది దీన్ని క్రియేషన్ టైమ్ అనుకుంటారు, ఇంటర్వ్యూల్లో ధైర్యంగా చెప్పేస్తారు కూడా. కాదు. ఫైలు ఐనోడ్‌లో, అంటే దాని ఓనర్, పర్మిషన్, తేదీలు దాచే రికార్డులో, ఏది మారినా కదిలేది సీటైమ్. పర్మిషన్ మార్చినా, ఓనర్‌ని మార్చినా, మనం ఇప్పుడు చేయబోతున్నట్టు తేదీ దిద్దినా అది కదులుతుంది. ఫైలు పుట్టిన సమయం నాలుగోది, బర్త్.

మొదటి రెండిటినీ మనం మార్చుకోవచ్చు. సీటైమ్‌ని మనకిష్టమైన తేదీకి తిప్పే సిస్టమ్ కాల్ లైనక్స్‌లో లేదు, బర్త్‌కీ లేదు. ఎంటైమ్‌ని 2019కి తిప్పిన క్షణంలోనే కెర్నెల్ సీటైమ్‌లో 'ఇప్పుడు' అని రాసుకుంటుంది. రిజిస్టర్‌లో తేదీ కొట్టేసి దిద్దితే పక్కన దిద్దిన రోజు, పొట్టి సంతకం పడ్డట్టు. అసైన్‌మెంటు గడువులోపే పూర్తయిందని చూపించుకోవడానికి ఎవరైనా ఇది చదువుతుంటే, స్టాట్ కొట్టడం తెలిసిన లెక్చరర్ ముందు పని జరగదు.

ఏదైనా చేసే ముందు ఫోల్డరు మొత్తం మీద స్టాట్ నడిపి, వచ్చినదాన్ని ఒక టెక్స్ట్ ఫైలులోకి మళ్ళించి దాచుకోండి. తేదీలు దిద్దడానికి అన్‌డూ ఉండదు. పాత ఎంటైమ్ ఒకసారి పోతే మళ్ళీ దొరకదు.

కోడు రాసే ముందు టచ్

ఒకటో రెండో ఫైళ్ళైతే సీ ప్రోగ్రామ్ దండగ. టచ్ కమాండ్‌కి హైఫన్ డి ఇచ్చి తేదీ రాస్తే చాలు. హైఫన్ ఎం కూడా కలిపితే ఎంటైమ్ ఒక్కటే మారుతుంది. హైఫన్ ఆర్ ఇస్తే వేరే ఫైలు తేదీలను తెచ్చి దీనికి అంటిస్తుంది. హైఫన్ సి మాత్రం అలవాటు చేసుకోండి. అది లేకుండా పేరులో ఒక అక్షరం తప్పు కొడితే టచ్ నోరు మెదపకుండా ఆ తప్పు పేరుతో ఖాళీ ఫైలు పుట్టిస్తుంది.

టచ్ లోపల ఏం చేస్తుందో చూడాలంటే దాన్ని ఎస్‌ట్రేస్ (ప్రోగ్రామ్ చేసే సిస్టమ్ కాల్స్‌ని చూపించే కమాండ్) కింద నడపండి. తెర మీద చాలా చెత్త పరుగెడుతుంది గానీ చివర్లో నాలుగైదు వరసలే అసలు కథ. ఓపెన్ఎట్‌తో ఫైలు తెరుస్తుంది, డిస్క్రిప్టర్, అంటే తెరిచిన ఫైలుకు ఇచ్చే నంబరు, 3 వస్తుంది. డప్2తో దాన్ని 0 స్థానంలోకి తెచ్చుకుని 3ని మూసేస్తుంది. తర్వాత యూటైమెన్సాట్‌ని సున్నా, నల్, నల్, సున్నాతో పిలుస్తుంది. మొదటి సున్నా తెరిచి ఉంచిన ఫైలు. పాత్ స్థానంలో నల్ అంటే 'పేరు అక్కర్లేదు, ఈ తెరిచిన ఫైలునే తీసుకో' అని. సమయాల స్థానంలో నల్ అంటే 'ఏటైమ్, ఎంటైమ్ రెండూ ఇప్పటి సమయానికి పెట్టు' అని. టచ్ అనే కమాండ్ మొత్తం ఈ ఒక్క పిలుపు కోసమే. మనమూ ఇదే కాల్ వాడతాం, కాకపోతే సమయాలు మనవి.

ఏ కాల్ వాడాలి

పాత పుస్తకాల్లో యూటైమ్ అనే కాల్ కనిపిస్తుంది. అది సెకన్ల వరకే లెక్కపెడుతుంది. దాని తర్వాతది యూటైమ్స్, మైక్రోసెకన్ల వరకు వెళ్తుంది. ఇప్పుడు కొత్తగా రాసే కోడులో ఈ రెండూ వద్దు. యూటైమెన్సాట్ 2007లో లైనక్స్ 2.6.22తో వచ్చింది, యూనిక్స్ తరహా సిస్టమ్‌ల ఉమ్మడి ప్రమాణమైన పోసిక్స్ 2008లో చోటు దక్కించుకుంది. నానోసెకన్ల వరకు రాయగలదు, రెండు సమయాల్లో ఒకదాన్ని ముట్టుకోకుండా వదిలేయగలదు. ఈ వదిలేయడమే మనకి బంగారం. ఫైలు ముందే తెరిచి ఉంటే దాని తోబుట్టువు ఎఫ్‌యూటైమెన్స్ సరిపోతుంది. మ్యాక్‌లో కూడా 10.13 నుంచి ఇవే పేర్లు పనిచేస్తాయి.

హెడర్లు రెండు కావాలి: సిస్ డైరెక్టరీలోని స్టాట్ హెడర్, ఎఫ్‌సీఎన్‌టీఎల్ హెడర్. జీసీసీకి సీ11 లాంటి కఠిన ప్రమాణం చెప్పి కంపైల్ చేస్తే ఇంప్లిసిట్ డిక్లరేషన్ అని గోల చేస్తుంది. అప్పుడు ఫైలు మొట్టమొదటి వరసలో, హెడర్లకన్నా ముందు, పోసిక్స్_సీ_సోర్స్ అనే మాక్రోను 200809ఎల్ అని పెట్టండి. ఆ మాక్రో పేరు అండర్‌స్కోర్‌తో మొదలవుతుంది, అది మర్చిపోతే గోల ఆగదు.

తేదీని సెకన్లలోకి మార్చడం

తప్పులు జరిగేది ఇక్కడే, కాబట్టి కాస్త నిదానంగా వెళ్దాం.

కెర్నెల్‌కి ఫిబ్రవరి తెలీదు, సాయంత్రం తెలీదు. 1970 జనవరి 1 యూటీసీ (ప్రపంచ ప్రామాణిక సమయం) అర్ధరాత్రి నుంచి గడిచిన సెకన్లు మాత్రమే తెలుసు. ఆ క్షణానికి మన గడియారంలో పొద్దున్న 5:30. అందుకే ఏదైనా ఫైలు మీద '1970 జనవరి 1, 5:30' అని కనిపిస్తే ఎవరో సున్నా పంపించారని ఇక్కడి ప్రోగ్రామర్లు చూడగానే చెప్పేస్తారు.

ఫైలు పేరులోంచి ఎస్‌స్కాన్ఎఫ్‌తో ఆరు సంఖ్యలు లాగండి: సంవత్సరానికి 4 అక్షరాలు, మిగతా ఐదింటికీ రెండేసి. ఎస్‌స్కాన్ఎఫ్ తిరిగి ఇచ్చే సంఖ్య సరిగ్గా 6 కాకపోతే ఆ ఫైలును వదిలేసి ముందుకెళ్ళండి. తర్వాత స్ట్రక్ట్ టీఎం ఒకటి తీసుకుని మొత్తం సున్నాలతో నింపి, ఆ పైన అంకెలు పెట్టండి. సంవత్సరంలోంచి 1900 తీసేయాలి, కాబట్టి 2019 బదులు 119. నెల సున్నా నుంచి మొదలవుతుంది, కాబట్టి ఫిబ్రవరికి 1. రోజు మాత్రం మామూలుగా 14. ఈ మూడింటికీ మూడు పద్ధతులు ఎందుకో ఇన్నేళ్ళైనా నాకు మింగుడు పడలేదు. టీఎం_ఐఎస్‌డీఎస్‌టీకి మైనస్ 1 పెట్టండి, ఎండాకాలపు గడియారం (కొన్ని దేశాల్లో వేసవిలో గడియారం జరిపే పద్ధతి) సంగతి నువ్వే చూసుకో అని దానర్థం.

ఇప్పుడు ఎంకేటైమ్‌కి ఇస్తే సెకన్లు వస్తాయి. మన ఫోటోకి 155,01,49,205 రావాలి. 155,01,69,005 వస్తే? తేడా 19,800 సెకన్లు, అంటే అయిదున్నర గంటలు. మీ మెషీన్ టైమ్‌జోన్ యూటీసీలో ఉందని అర్థం. సొంత లాప్‌టాప్‌లో ఇది రాదు, అద్దెకు తీసుకున్న సర్వర్ మీద దాదాపు ప్రతిసారీ వస్తుంది. సర్వర్ సెట్టింగ్ కదపాల్సిన పని లేదు. ప్రోగ్రామ్ మొదట్లోనే సెట్‌ఎన్వ్‌తో టీజెడ్ (టైమ్‌జోన్) విలువను ఏషియా/కోల్‌కతా అని పెట్టి, టీజెడ్‌సెట్ పిలవండి. ఎవరు ఎక్కడ నడిపినా ఒకే జవాబు వస్తుంది.

అన్ని ఫోటోలూ ఇక్కడివే అనుకోకండి. మా తమ్ముడు డాలస్ నుంచి పంపిన ఫోల్డరు మీద కూడా కోల్‌కతాతోనే నడిపాను. వాడు మధ్యాహ్నం తిన్న భోజనం వాడి గడియారంలో చూస్తే అర్ధరాత్రికో అపరాత్రికో పడింది. పేరులోని సమయం ఫోటో తీసిన చోటి గడియారం, కాబట్టి ఆ ఫోల్డరుకు టీజెడ్ అమెరికా/షికాగో అవ్వాలి. అక్కడ ఏడాదికి రెండుసార్లు గడియారం జరుపుతారు కాబట్టి ఇందాకటి మైనస్ 1 అసలు పనికొచ్చేది అక్కడే. పిక్సెల్ ఫోన్లది ఇంకో దారి. పీఎక్స్ఎల్ అని మొదలయ్యే వాటి పేర్లలో ఉండేది యూటీసీ సమయం. వాటికి ఎంకేటైమ్ బదులు టైమ్‌జీఎం వాడాలి.

ఎంకేటైమ్‌కి ఒక గుణం ఉంది, మంచిదో చెడ్డదో మీరే తేల్చుకోండి. 13వ నెల ఇస్తే కోప్పడదు, మరుసటి ఏడాది జనవరి చేసేస్తుంది. 75 సెకన్లు ఇస్తే ఒక నిమిషం పెంచి 15 సెకన్లు చేస్తుంది. పేరులో తేదీ కాని ఎనిమిది అంకెలున్న ఫైలు ఏదైనా దొరికితే ఇది ఎక్కడికో తీసుకెళ్ళి పారేస్తుంది. కాబట్టి నెల 1 నుంచి 12 మధ్య, రోజు 1 నుంచి 31 మధ్య ఉన్నాయో లేదో ముందు మీరే చూసుకోండి.

కాల్ చేయడం

టైమ్‌స్పెక్ స్ట్రక్చర్లు రెండున్న అర్రే కావాలి. సున్నా స్థానంలో ఏటైమ్, ఒకటి స్థానంలో ఎంటైమ్. ఈ వరస తారుమారు చేస్తే కంపైలర్ ఏమీ అనదు, రెండూ ఒకే రకం కాబట్టి. ప్రతి స్ట్రక్చర్‌లో రెండు గదులు: టీవీ_సెక్‌లో సెకన్లు, టీవీ_ఎన్‌సెక్‌లో మిగిలిన నానోసెకన్లు.

ఒకటో స్థానంలో టీవీ_సెక్‌కి ఇందాకటి 155,01,49,205, టీవీ_ఎన్‌సెక్‌కి సున్నా. సున్నా స్థానంలో మాత్రం టీవీ_ఎన్‌సెక్‌కి యూటైమ్_ఆమిట్ పెట్టండి, 'ఏటైమ్‌ని ఉన్నది ఉన్నట్టు వదిలెయ్' అని. అప్పుడు టీవీ_సెక్‌లో ఏమున్నా చూడదు. ఇలాంటిదే యూటైమ్_నౌ కూడా ఉంది, ఆ ఒక్కదాన్ని ఇప్పటి సమయానికి పెడుతుంది.

ఏటైమ్‌ని ఎందుకు వదిలేయమంటున్నానంటే, దాన్ని ఎంత ముచ్చటపడి దిద్దినా నిలవదు. ఫైల్ మేనేజర్ థంబ్‌నెయిల్ కోసం ఫోటో తెరిస్తే చాలు, మళ్ళీ మారొచ్చు. 2009 నాటి 2.6.30 కెర్నెల్ నుంచి లైనక్స్ డిస్కులను మామూలుగా రెలటైమ్ పద్ధతిలో మౌంట్ చేస్తుంది (వాడకానికి తగిలిస్తుంది). ఏటైమ్ ఎంటైమ్ కన్నా గానీ సీటైమ్ కన్నా గానీ పాతదైనా, లేదా 24 గంటలు దాటినా, అప్పుడే చదివినప్పుడు రాస్తుంది. మనం తేదీ దిద్దగానే సీటైమ్ 'ఇప్పుడు' అవుతుంది కదా, అంటే ఏటైమ్ దానికన్నా పాతదైపోయి తర్వాతి చదువుడుకే మారిపోతుంది. బ్యాకప్ సాఫ్ట్‌వేర్ రాసేవాళ్ళకు ఏటైమ్ కాపాడటం అవసరం కావచ్చు. ఫోటోలు సర్దుకునే మనకి అనవసరం.

ఇక పిలుపు. యూటైమెన్సాట్‌కి నాలుగు ఇవ్వాలి. మొదటిది యాట్_ఎఫ్‌డీసీడబ్ల్యూడీ, అంటే పాత్‌ను ఇప్పుడున్న డైరెక్టరీ నుంచి వెతకమని. రెండోది ఫైలు పాత్. మూడోది అర్రే. నాలుగోది ఫ్లాగ్, మామూలుగా సున్నా. పాత్ సింలింక్ (వేరే ఫైలును చూపించే లింక్) అయితే అది చూపించే అసలు ఫైలు తేదీ మారుతుంది. లింక్ తేదీయే మార్చాలంటే నాలుగో స్థానంలో యాట్_సింలింక్_నోఫాలో పెట్టండి. సున్నా తిరిగొస్తే పని అయినట్టు. మైనస్ 1 వస్తే వెంటనే, మధ్యలో ఇంకో ఫంక్షన్ ఏదీ పిలవకముందే, పీఎర్రర్‌తో కారణం అచ్చు వేయించండి.

ఎర్రర్ వస్తే

ఎక్కువగా తగిలేది ఈపెర్మ్, అంటే 'నీకు అనుమతి లేదు'. దీని వెనక ఉన్న నియమం మొదటిసారి వింటే వింతగా ఉంటుంది. ఫైలులో రాసే అనుమతి ఉంటే చాలు, రెండు సమయాలనూ 'ఇప్పటికి' పెట్టనిస్తారు. రాసే అనుమతి ఉన్నవాడు ఎలాగూ ఫైలులో ఏదో రాసి ఎంటైమ్‌ని ఇప్పటికి తేగలడు కదా, అందులో కొత్తగా ఇచ్చిందేం లేదు. అదే మనకిష్టమైన తేదీ పెట్టాలన్నా, యూటైమ్_ఆమిట్‌తో ఒక్కదాన్నే మార్చాలన్నా, ఆ ఫైలుకు ఓనరే అయ్యుండాలి, లేదా రూట్ (సిస్టమ్ అడ్మిన్) అయ్యుండాలి. ఎడిటర్‌లో హాయిగా దిద్ది సేవ్ చేయగలుగుతున్న ఫైలుకే తేదీ మార్చబోతే కాదంటుంది. గ్రూపు పర్మిషన్‌తో పంచుకునే ఆఫీసు ఫోల్డర్లలో ఇది మాటిమాటికీ ఎదురవుతుంది. చాట్టర్‌తో ఫైలును ఇమ్మ్యూటబుల్ (ఎవరూ మార్చలేనిది) చేసి ఉంచినా ఇదే ఎర్రర్, అప్పుడు రూట్‌కి కూడా.

ఈయాక్సెస్ వస్తే దారిలోని ఏదో డైరెక్టరీలోకి వెళ్ళే అనుమతి లేదు, లేదా 'ఇప్పటికి పెట్టు' అన్నప్పుడు రాసే అనుమతి లేదు. ఈరోఎఫ్ఎస్ అంటే డిస్కు చదవడానికి మాత్రమే మౌంట్ అయింది. ఈఇన్‌వాల్ వస్తే దాదాపుగా టీవీ_ఎన్‌సెక్ తప్పు. అది 0 నుంచి 99,99,99,999 లోపే ఉండాలి. స్ట్రక్చర్ నింపడం మర్చిపోతే మెమరీలో ఉన్న చెత్త వెళ్ళి ఈ ఎర్రర్ వస్తుంది. కొన్నిసార్లు ఆ చెత్త హద్దులోపలే పడి ఎర్రరు రాకుండా పిచ్చి తేదీ పడుతుంది, అది ఇంకా దారుణం.

రాయడం అంతా అయ్యాకే తేదీ

ఫోటోల్ని కాపీ చేస్తూనే తేదీ కూడా వేసే ప్రోగ్రామ్ రాస్తున్నారనుకోండి. నేను మొదట రాసింది అలాంటిదే. ఎఫ్‌రైట్‌తో రాశాను, ఎఫ్‌యూటైమెన్స్ పిలిచాను, సున్నా వచ్చింది, ఎఫ్‌క్లోజ్ చేశాను. చూస్తే చిన్న ఫైళ్ళన్నిటికీ ఈరోజు తేదీ! ఒక సాయంత్రమంతా టైమ్‌జోన్ మీద అనుమానంతో కొట్టుకున్నాను. అసలు సంగతి బఫర్. ఎఫ్‌రైట్ చేసినది ముందు ప్రోగ్రామ్ లోపలి బఫర్‌లో కూర్చుంటుంది. నేను తేదీ వేసినప్పటికి డేటా ఇంకా కెర్నెల్‌కి చేరనే లేదు. ఎఫ్‌క్లోజ్ దాన్ని బయటికి తోసింది, అది రాత కాబట్టి కెర్నెల్ ఎంటైమ్‌ని ఇప్పటికి మార్చింది. వేసిన తేదీ చెరిగిపోయింది. చివరి ఎఫ్‌రైట్ తర్వాత ఎఫ్‌ఫ్లష్, ఆ తర్వాతే ఎఫ్‌యూటైమెన్స్. ఈ ఒక్క లైను కోసం ఒక సాయంత్రం.

ఫోల్డర్లకీ ఇదే గొడవ. డైరెక్టరీ ఎంటైమ్ అందులో ఫైలు చేరినా, పోయినా, పేరు మారినా కదులుతుంది. ముందు ఫోల్డరుకు తేదీ వేసి తర్వాత అందులో ఫైళ్ళు పెడితే ఫోల్డరు తేదీ పోతుంది. లోపలి ఫైళ్ళన్నీ అయ్యాక, అడుగున ఉన్న ఫోల్డరు నుంచి పైకి వస్తూ తేదీలు వేయండి. టార్ ఆర్కైవ్ విప్పేటప్పుడు కూడా డైరెక్టరీల తేదీలను చివరిదాకా ఆపి ఉంచేది అందుకే.

తిరిగి చదివి చూడండి

సున్నా వచ్చిందంటే కెర్నెల్ ఒప్పుకుందని మాత్రమే. డిస్కు మీద ఎంత పడిందో ఆ ఫైల్‌సిస్టమ్ మీద ఆధారపడి ఉంటుంది. లైనక్స్‌లో ఎక్కువగా వాడే ఈఎక్స్‌టీ4 సాధారణంగా నానోసెకన్ల వరకు దాస్తుంది. పెన్‌డ్రైవ్‌ల మీద కనిపించే ఫ్యాట్ ఎంటైమ్‌ని రెండేసి సెకన్ల అడుగుల్లోనే దాస్తుంది, ఏటైమ్‌కి తేదీ తప్ప గంటలే ఉండవు. మన ఫోటో 5వ సెకనులో తీసింది కదా, ఫ్యాట్ మీద అది 4వ సెకను అయిపోతుంది. పైగా ఫ్యాట్ రాసుకునేది స్థానిక సమయం, ఏ ఊరి సమయమో రాసుకోదు. ఒక మెషీన్‌లో రాసి ఇంకో మెషీన్‌లో చదివితే అయిదున్నర గంటలు జరిగి కనిపించడానికి ఇదొక కారణం. బ్యాకప్ కాపీలు తీసే ఆర్‌సింక్ కమాండ్ సైజూ, ఎంటైమూ రెండూ కలిస్తేనే ఫైలును ముట్టుకోకుండా వదిలేస్తుంది. పెన్‌డ్రైవ్‌కి బ్యాకప్ తీస్తే ఈ ఒక్క సెకను తేడాకే ప్రతిసారీ అన్నీ మళ్ళీ కాపీ చేస్తుంది. దానికి మాడిఫై-విండో అనే ఆప్షన్ ఉంది, 1 ఇవ్వండి.

కాబట్టి కాల్ అయ్యాక స్టాట్ ఫంక్షన్‌తో ఎస్‌టీ_ఎంటిమ్ తిరిగి చదివి, అడిగినదీ పడినదీ ఒకటేనా అని పోల్చండి. నాలుగు వేల మీద వదిలే ముందు పది ఫైళ్ళను వేరే ఫోల్డరులోకి నకలు తీసి వాటి మీద నడపండి.

తాతయ్య ఫోటో

అదే ఊపులో స్కాన్ చేసిన పాత ఫోటోలకు కూడా తేదీలు వేద్దామనుకున్నాను. తాతయ్యది 1965 నాటి స్టూడియో ఫోటో ఒకటుంది, వెనకాల స్టూడియో ముద్రతో సహా. 1970కి ముందు కదా, సెకన్లు మైనస్‌లోకి వెళ్తాయి. 1965 జనవరి 1 యూటీసీ అర్ధరాత్రి అంటే మైనస్ 15,77,66,400. టీవీ_సెక్ మైనస్ తీసుకుంటుంది, టీవీ_ఎన్‌సెక్ తీసుకోదు, అది ఎప్పుడూ ప్లస్సే. ఈఎక్స్‌టీ4 1901 డిసెంబరు దాకా వెనక్కి వెళ్తుంది కాబట్టి లాప్‌టాప్‌లో తేదీ చక్కగా పడింది. అదే ఫోటోని చిన్నాన్నకి ఇద్దామని పెన్‌డ్రైవ్‌లోకి తీస్తే 1980కి వచ్చి ఆగింది. ఫ్యాట్‌కి 1980కి ముందు కాలమే లేదు. చిన్నాన్నకి ఫోటో కింద సంవత్సరం రాసిన కాగితం కూడా ఇచ్చాను.

ముందువైపు హద్దు కూడా ఉంది. 32 బిట్ల సెకన్ల లెక్క 2038 జనవరి 19న మన సమయం పొద్దున్న 8:44:07కి నిండిపోతుంది. ఈఎక్స్‌టీ4 అదనపు బిట్లతో 2446 దాకా లాక్కొచ్చింది.

పైథాన్‌లో, విండోస్‌లో

పైథాన్‌లో ఓఎస్ మాడ్యూల్‌లోని యూటైమ్ వాడండి. పేరు పాతదే అయినా వీలైన చోట లోపల కొత్త కాలే పిలుస్తుంది. సమయాలను ఎన్ఎస్ అనే పేరుతో పూర్ణాంకాలుగా ఇవ్వండి, దశాంశాలుగా వద్దు. ఇప్పటి కాలపు సెకన్లను ఫ్లోట్‌లో పెడితే దాదాపు 238 నానోసెకన్లకన్నా సన్నగా చీల్చలేదు, చదివి తిరిగి రాస్తే చివరి అంకెలు మారతాయి. యూటైమ్_ఆమిట్ సౌకర్యం అక్కడ లేదు. ముందు స్టాట్ చేసి, అందులోని ఎస్‌టీ_ఏటైమ్_ఎన్ఎస్‌ని అలాగే తిరిగి పంపించాలి.

విండోస్‌లో కాల్ పేరు సెట్‌ఫైల్‌టైమ్. క్రియేట్‌ఫైల్‌తో, ఫైల్_రైట్_ఆట్రిబ్యూట్స్ అనుమతి అడిగి హ్యాండిల్ తీసుకుని దీనికి ఇవ్వాలి. ఫోల్డరు అయితే బ్యాకప్ సెమాంటిక్స్ ఫ్లాగ్ కూడా కలపాలి. ఇక్కడ పుట్టిన సమయాన్ని కూడా మార్చనిస్తారు, వద్దనుకున్న దాని స్థానంలో నల్ ఇస్తే చాలు. లెక్క మాత్రం 1601 జనవరి 1 నుంచి, 100 నానోసెకన్ల ముక్కల్లో. మన సెకన్లకు 1164,44,73,600 కలిపి కోటితో గుణించండి.

వాట్సాప్ ఫోటోలు

చివరికి మిగిలినవి ఇవే. పేరు ఐఎంజీ-20190214-డబ్ల్యూఏ0012 అని ఉంటుంది. రోజు ఉంది, గంట లేదు. కెమెరా ఫోటోల్లో అయితే ఫైలు లోపలే ఉండే ఎక్సిఫ్ సమాచారంలో తీసిన సమయం వేరే ఉంటుంది, మనం ఎంటైమ్ దిద్దినా దానికేమీ కాదు, గ్యాలరీ యాప్‌లు చాలావరకు దాన్నే చూస్తాయి. వాట్సాప్‌లో మామూలుగా వచ్చిన ఫోటోల్లో అదీ మిగలదు. వీటికి గంట ఏం వేయాలి? అర్ధరాత్రి వేస్తే టైమ్‌జోన్ కొంచెం జరిగినా తేదీ ముందురోజుకి పోతుంది. నేను మధ్యాహ్నం 12 వేశాను. అయిదున్నర గంటలు అటైనా ఇటైనా రోజు మారదు. వరస చెడకుండా చివరి సంఖ్యను సెకన్ల గదిలో పెట్టాను, 0012కి 12:00:12. ఒకే రోజున వందకుపైగా వచ్చినవి ఉన్నాయి, పండగ శుభాకాంక్షలు. 0130 అయితే 130 సెకన్లు. ఎంకేటైమ్ ఏమీ అనకుండా 12:02:10 చేసిచ్చింది.